రెక్కల వెలుగులో పోయిన నీడ: ఒక ఆన్‌లైన్ ఆట కేస్ స్టడీ

నేను వీడియో ఆటలకు లైటింగ్, షేడర్ల పని చేస్తాను. షేడర్ అంటే వస్తువు మీద వెలుగు, రంగు ఎలా కనపడాలో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం. తెరమీద ఎండ ఎలా పడాలి, దీపం ఎంత దూరం వెలగాలి, తడిసిన రాయి ఎలా మెరవాలి అని చూసుకోవడమే నా పని. ఇల్లు నల్లగొండలో. స్టూడియోలు వేరే ఊళ్లలో ఉంటాయి, ఇంటి నుంచే చేసి పంపిస్తాను. ఈ కేసులో స్టూడియో పేరు, ఆట పేరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. కొన్ని వివరాలు మార్చాను కూడా. పానగల్లు గుడిని మాత్రం మార్చలేదు. అది లేకపోతే ఈ కేసే అర్థం కాదు.

నేపథ్యం

అది ఫోన్‌లో ఆడే ఆన్‌లైన్ ఫాంటసీ ఆట. కథలో ఉన్నది ఊహా రాజ్యమే కానీ, నేల మాత్రం మన దక్షిణ తెలంగాణది. ఏడు గుట్టల మధ్య దేవరకొండ కోటను తలపించే కోట, అలంపురం గుళ్ల లాంటి ఎర్రరాతి గుళ్లు, పాలమూరు పిల్లలమర్రిలా ఊడలు దిగిన మర్రి కింద సంత, నల్లమల లాంటి అడవి, లోయలో కృష్ణా నది. ఆట మొదలుపెట్టినప్పుడు ఆర్ట్ టీమ్ ఒక కాగితం మీద ఒకే ఒక నియమం రాసుకుంది: ఈ రాజ్యంలో వెలుగు సూర్యుడి నుంచి, చంద్రుడి నుంచి, నిప్పు నుంచి మాత్రమే రావాలి. మంత్రాలు ఉంటాయి, కానీ మంత్రానికి కూడా నిప్పు రంగే ఉండాలి. నన్ను తీసుకున్నది ఆ నియమాన్ని నిలబెట్టడానికే.

ఆ నియమం ఆటకు ఏం ఇచ్చిందో చెప్పాలి. రాత్రిపూట కోట బురుజు మీద కాగడా ఒక్కటే ఉంటే, దూరం నుంచి వచ్చే ఆటగాడికి అదే దారి చూపేది. చెరువు కట్టమీద యుద్ధం లేదు, బహుమతి లేదు, పని కూడా లేదు. అయినా సాయంత్రాలు జనం అక్కడ కూర్చునేవాళ్లు. ఊరికే పొద్దు గుంకడం చూసేవాళ్లు. ఇది నేను సర్వర్‌లో కళ్లారా చూశాను. నా పనిలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

ఆట ఉచితం. ఆదాయమంతా అలంకారాల మీదే: బట్టలు, కిరీటాలు, గుర్రాలు, రెక్కలు. బలాన్ని అమ్మకూడదని స్టూడియో పట్టుదలగా ఉండేది, అది మంచి పట్టుదల. డబ్బున్నవాడు గెలిచే ఆటలో లేనివాడు ఎంతసేపు ఉంటాడు? అలంకారం అమ్మితే ఎవరికీ నష్టం లేదని అందరం నమ్మాం. ఈ రంగం మొత్తం అలాగే నమ్ముతూ వచ్చింది. 2006లో ‘ఆబ్లివియన్’ ఆటలో గుర్రపు కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే లోకమంతా నవ్వింది. 2010లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వాళ్లు లోపల చుక్కలు మెరిసే పారదర్శక గుర్రాన్ని 25 డాలర్లకు పెడితే జనం ఎగబడి కొన్నారు. ఆ తర్వాత నవ్వేవాళ్లు తగ్గారు. ఎవరి ఒంటిమీద ఏముంటే మిగతావాళ్లకేం అనే లెక్క స్థిరపడిపోయింది.

సమస్య ఎలా కనపడింది

ఒక పండగ సీజన్‌కు అలంకారాల పని బయటి టీమ్‌కు ఇచ్చారు. వాళ్లు నిప్పురెక్కలు చేశారు, నిప్పురవ్వలు రాల్చే ఊదారంగు గుర్రం చేశారు, నడిస్తే వెనక వెలుగు చార వదిలే చెప్పులు చేశారు. పనిలో వంక పెట్టడానికి లేదు, ఒక్కొక్కటీ అందంగా ఉంది. కానీ వాటిని చేసింది ఖాళీ బూడిదరంగు గదిలో. అంటే, చుట్టూ ఏమీ లేని సీన్‌లో. మన కోటలో, మన గుడిలో, మన రాత్రిలో పెట్టి ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు. నాకు ఫైళ్లు వచ్చాయి, ఫోన్ మీద ఎంత భారం పడుతుందో లెక్క చూసి సరే అన్నాను.

బాగా అమ్ముడయ్యాయి. వాటి వెంటే ఫిర్యాదులు మొదలయ్యాయి.

ఫిర్యాదులు చూసేది పాలమూరు అమ్మాయి. చాలా ఓపికగా ఒక్కొక్కటీ చదివి కుప్పలు వేసింది. ‘ఆట పాడైంది’, ‘ఇది మన ఆటలా లేదు’, ‘సర్కస్ అయింది’ — అన్నీ ఇట్లాంటివే. ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది అనేది ఎవరూ రాయలేదు. స్టూడియో పెద్దాయన దాన్ని అసూయగా చదివారు: కొనలేనివాళ్లు కొన్నవాళ్లను చూసి ఏడుస్తున్నారని. నేను ఫోన్ సమస్యగా చదివాను. పారదర్శకమైన రవ్వలు ఒకదాని మీద ఒకటి పడితే చవక ఫోన్ ఒకే చుక్కను పది సార్లు గీయాల్సి వస్తుంది. ఫోన్ వేడెక్కుతుంది, ఆట తడబడుతుంది. ఆయన తన భయాన్ని చదివారు, నేను నాకు తెలిసిన పనిని చదివాను. ఫిర్యాదులో ఉన్నది ఇద్దరం చదవలేదు.

ఆ అమ్మాయి ఒక వీడియో పంపాక నా ఆలోచన మారింది. ఆమెకు దాన్ని పంపింది దేవరకొండ వైపు ఒక బడిపంతులు. ఆయన, ఆయన పాత విద్యార్థులు కలిసి శనివారం రాత్రుళ్లు ఆడతారట. వీడియోలో వాళ్లు మా ‘నీడ గుడి’లో ఉన్నారు.

నీడ గుడి గురించి కొంచెం చెప్పాలి. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోడుల కాలపు గుడి. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. పడమటి గర్భగుడిలో లింగం వెనక ఒక నిలువు నీడ పొద్దంతా ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు, నీడ మాత్రం కదలదు. నేరుగా పడే ఎండతో వచ్చే నీడ అయితే జరగాలి. ఇది బయటినుంచి పరుచుకుని లోపలికొచ్చే వెలుతురును మండపం స్తంభాలు అడ్డుకోవడంతో ఏర్పడే నీడ. అందుకే నిలబడి ఉంటుంది. మా ఆటలో ఆ ఆలోచనతో ఒక గది కట్టాం. మూడు గర్భగుళ్లలో ఏది అసలుదో కనుక్కోవాలి. దీపాలు ఒక్కొక్కటి ఆర్పుకుంటూ పోవాలి. ఏ గుడిలో నీడ కదలకుండా నిలుస్తుందో అందులోకి వెళ్లాలి. గదిలో ఆయుధాల పని లేదు. చూడటమే పని.

వీడియోలో నలుగురు మౌనంగా నిలబడి ఉన్నారు. మూడో దీపం ఆర్పారు. గోడమీద నీడ మెల్లగా తేలుతోంది. అప్పుడే ఐదో ఆటగాడు నిప్పురెక్కలతో లోపలికి వచ్చాడు. గది మొత్తం నారింజరంగు అయింది. నీడ లేదు. అతను పక్కకు జరిగితే మూల చీకటి, దగ్గరికొస్తే గోడ తెల్లగా. పంతులుగారు కింద ఒక వాక్యం రాశారు: ‘మేము తప్పు చేయలేదు సార్, అక్కడ నీడే లేదు.’

ఆ వాక్యం చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఆ నీడ కోసం నేను మూడు వారాలు పని చేశాను.

ఏం జరుగుతోందో విప్పి చూడటం

ఆ రాత్రే గదిని నా మెషిన్‌లో తెరిచి రెక్కల మనిషిని నడిపించాను. ఒక తప్పు కాదు, మూడు తప్పులు కలిసి పనిచేస్తున్నాయి.

మొదటిది, రెక్కలకు బయటి టీమ్ ఒక చిన్న లైటు తగిలించింది, మంట దగ్గర నేల కూడా వెలగాలి కదా అని. గదిలోని నీడ ముందే లెక్కగట్టి గోడమీద అచ్చు వేసినది. మేము ‘బేక్’ చేయడం అంటాం. ఫోన్‌లో అంత నాజూకు నీడను అప్పటికప్పుడు లెక్కగట్టలేం. అచ్చు నీడ మీద కొత్త లైటు పడితే అది నీడను గౌరవించదు. నల్లటి చోట కూడా, తెల్లటి చోట కూడా ఒకేలా వెలుగు కలుపుతుంది. రెంటికీ మధ్య తేడా పోతుంది. తేడా పోతే నీడ పోయినట్టే.

రెండోది నేను అసలు ఊహించలేదు. ఫోన్ మీద భారం పడకుండా ఒక గోడ మీద ఇన్ని లైట్లకే లెక్క అని ఇంజిన్‌లో, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, హద్దు పెడతాం. హద్దు దాటితే ఎక్కువ వెలుగున్నవి ఉంటాయి, తక్కువవి పోతాయి. రెక్కల లైటు రాగానే గుడిలోని నూనెదీపాల్లో ఒకటి లెక్కలోంచి జారిపోతోంది. దీపం మంట కనిపిస్తోంది, దాని వెలుగు మాత్రం గోడమీద లేదు. కొనుక్కొచ్చిన వెలుగు గుడి దీపాన్ని ఆర్పేసింది.

మూడోది కంటి సర్దుబాటు. ఎండలోంచి చీకటి గదిలోకి పోతే మన కన్ను మెల్లగా అలవాటు పడ్డట్టు, ఆటలో కూడా కెమెరా తనంతట తాను సర్దుకుంటుంది. తెరమీద ఒకటి భగ్గున వెలిగితే కెమెరా మిగతా అంతటినీ చీకటి చేస్తుంది. అందుకే వీడియోలో మూలలు నల్లగా మునిగాయి.

ఇక్కడ నా తప్పు స్పష్టంగా కనపడింది. అలంకారాన్ని ‘వస్తువు’గా చూశాను. వస్తువైతే దాని బరువు, దాని బొమ్మ, దాని ఖర్చు చూస్తే చాలు. కానీ అది వెలుగు చిమ్మితే వస్తువు కాదు, వాతావరణం. నలుగురి మధ్య నిలబడి ఒకడు వాతావరణం మార్చేస్తున్నాడు, ఆ నలుగురినీ అడగకుండా.

చేసి చూసినవి, పనికిరానివి

మొదట చేసింది సులభమైన పని. వెలుగు చుట్టూ పొగలా పరుచుకునే మెరుపు ఉంటుంది, బ్లూమ్ అంటాం. ఆట మొత్తంలో దాన్ని తగ్గించాను. రెక్కలు కొంచెం సద్దుమణిగాయి. చెరువు మీది సూర్యాస్తమయం కూడా సద్దుమణిగింది. కాగడాలు పసుపు కాగితం ముక్కల్లా కనపడ్డాయి. కట్టమీద కూర్చునే జనం మొదటిరోజే గుర్తుపట్టారు. రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నాం. దోషం ఉన్నచోట కాక అంతటా మందు చల్లితే పంట పోతుంది, పురుగు ఉంటుంది.

రెండోది, అందరూ చేసేదే చేద్దామనుకున్నాం: సెట్టింగుల్లో ‘ఇతరుల అలంకారాలు దాచు’ అనే మీట. ‘ఫైనల్ ఫాంటసీ 14’ అనే ఆన్‌లైన్ ఆటలో ఇతరుల యుద్ధ మెరుపులను తగ్గించుకోవచ్చు, పూర్తిగా తీసేయవచ్చు. కిక్కిరిసిన యుద్ధంలో అది నిజంగా ఉపయోగం. వద్దన్నవాడు దాచుకుంటాడు, కావాలన్నవాడు చూస్తాడు, ఎవరి సొమ్మూ పోదు. ఆ తర్కం నాకు నచ్చింది. పెద్దాయనకు ఇంకా నచ్చింది.

పెట్టిన రోజు రాత్రి పాలమూరు అమ్మాయి ఫోన్ చేసింది. “అన్నా, గుళ్లో మనిషి లేడు గానీ వెలుగు నడుస్తున్నది.” నేను రెక్కల బొమ్మను దాచాను, దానికి తగిలించిన లైటును దాచడం మర్చిపోయాను. అది మర్నాడే సరిచేశాను. అసలు ఇబ్బంది ఆ తర్వాత తెలిసింది.

పంతులుగారి జట్టులో ఇద్దరు మీట వేసుకున్నారు, ఇద్దరు వేసుకోలేదు. ఒకడు “నీడ కనపడుతోంది, ఇటు రండి” అంటాడు. ఇంకొకడు “ఎక్కడ?” అంటాడు. ఒకే గదిలో నిలబడి ఇద్దరు రెండు గదులు చూస్తున్నారు. ఆన్‌లైన్ ఆటకు ప్రాణం ఏమిటంటే అందరం ఒకే చోట ఉన్నామనే నమ్మకం. ఆ నమ్మకాన్నే నా మీట కోసేసింది. మీట ఉందని కూడా తెలియనివాళ్లు ఇంకా ఎక్కువ. కొత్తగా వచ్చినవాడు మొదటి గంటలో సెట్టింగులు తెరవడు. ఆ మొదటి గంటలోనే ఈ రాజ్యం నిజమా కాదా అని వాడి మనసు తేల్చుకుంటుంది.

ఇక కొన్నవాళ్ల సంగతి. వనపర్తి వైపు ఒక అబ్బాయితో నేనే మాట్లాడాను. మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. నెల నెలా కొంచెం మిగుల్చుకుని రెక్కలు కొన్నాడు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

“అన్నా, నేను పైసలు జమ చేసి కొన్న. గిప్పుడు ఎవ్వలకు కనవడకపోతే ఇగ ఎందుకన్నా?”

“నీకు కనపడతాయి కదా తమ్మీ.”

“నాకు నా ఈపు కనవడ్తదా అన్నా? పక్కోడు చూడాలె.”

నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి అన్నది అక్షరాలా నిజం. అలంకారం ఎదుటివాళ్ల కోసమే. పెళ్లికి పట్టుచీర కట్టుకుని ఎవరూ గదిలో కూర్చోరు. మీట ఒకరి కంటిని కాపాడి ఇంకొకరి కోరికను చెరిపేసింది. ఇందులో ఇతను చేసిన తప్పేమీ లేదు, మేము అమ్మిందే కొన్నాడు.

మూడోసారి, గుడి గడప దగ్గర రెక్కలు వాటంతటవే ఊడిపోయేలా చేశాం. గుళ్లోకి చెప్పులతో పోము కదా, అట్లాగే అని కథలో ఒక మాట కూడా చేర్చాం. బాగుంటుందనుకున్నాను. గుడి వరకు పనిచేసింది. కానీ కోట రాత్రి కాపలాలో అదే గోల, అడవిలో దొంగచాటుగా పోవాల్సిన చోట అదే గోల. ప్రతి గడప దగ్గరా బట్టలు విప్పించలేం. పైగా ఆటగాళ్లకు అది శిక్షలా తోచింది. గడప దాటగానే తన మనిషి బోసిగా నిలబడటం చూసి చాలామంది గుడిలోకి పోవడమే మానేశారు. నేను కాపాడాలనుకున్న గదే ఖాళీ అయింది.

పానగల్లులో ఒక మధ్యాహ్నం

అప్పటికి నాకు దారి తోచడం లేదు. ఒక మధ్యాహ్నం బండి తీసుకుని పానగల్లు వెళ్లాను. చిన్నప్పటి నుంచి పోతున్న గుడే, కానీ ఈసారి నీడను పనిగా చూడటానికి వెళ్లాను. పడమటి గర్భగుడి ముందు నిలబడి కళ్లు అలవాటు పడేదాకా ఆగాను. లోపల పూర్తి చీకటి కాదు. బూడిద కలిపిన పాల లాంటి వెలుతురు. దాని నడుమ నిలువుగా నీడ. అంచులు మెత్తగా ఉన్నాయి, ఎక్కడ మొదలైందో వేలితో చూపలేం.

ఇంతలో ఒక కుటుంబం వచ్చింది. వాళ్లలో ఒకాయన ఫోటో సరిగ్గా రావాలని ఫోన్ టార్చి వేశాడు. నీడ మాయమైంది. గోడ, గోడమీది మరకలు, నూనె జిడ్డు అన్నీ తెల్లగా కనపడ్డాయి. ఆయన ఫోన్‌లో చూసుకుని, “నీడ ఏదీ?” అన్నాడు. పక్కనున్న ముసలాయన మెల్లగా అన్నాడు, “టార్చి బంద్ చెయ్ బిడ్డా, నీడ పోతది.”

టార్చి ఆరింది. కాసేపటికి నీడ తిరిగి తేలింది.

టార్చి వేసినాయన భార్య గద్వాల చీర కట్టుకుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. ఆమె పక్కకు తిరిగినప్పుడు బయటి వెలుతురు అంచు మీది జరీకి తగిలి ఒక్క క్షణం మెరిసింది. తిరిగితే మెరుపు లేదు, మళ్లీ తిరిగితే ఉంది. గోడమీద నీడకు ఏమీ కాలేదు.

నేను మూడు వారాలుగా తప్పుగా అడుగుతున్న ప్రశ్న అక్కడ సరైంది. అలంకారం ఎంత మెరవాలి అని అడుగుతూ వచ్చాను. ఆ మెరుపు ఎవరి వెలుగుతో అని అడగాల్సింది. జరీ గదిలో ఉన్న వెలుగును తీసుకుని మెరుస్తుంది. టార్చి గదికి తన వెలుగు ఇస్తుంది. మొదటిది గదిలో భాగం అవుతుంది, రెండోది గదిని తనలో భాగం చేసుకుంటుంది. మేము అమ్మినవన్నీ టార్చిలే.

పనిచేసినవి

వచ్చాక స్టూడియోకు ఒక పేజీ రాశాను. మూలం ఒకటే: అలంకారం తన ఒంటిమీద ఎంతైనా మెరవొచ్చు, గోడమీద ఒక్క చుక్క వెలుగు కూడా పోయకూడదు.

రెక్కలకున్న లైట్లన్నీ తీసేశాను. మంట మంటలాగే ఉంది, ఈకలు వెలుగుతున్నాయి, వేసుకున్న మనిషి భుజాల మీద నారింజ ఛాయ కూడా ఉంది. ఆ ఛాయ లైటు వల్ల వచ్చింది కాదు, బొమ్మలోనే రంగుగా వేసింది. గుడి దీపం మళ్లీ తన గోడను తాను వెలిగించింది.

ఇది సరిపోదని తెలుసు. లైటు లేకపోయినా భగ్గున వెలిగే ఈక కెమెరాను మోసం చేస్తుంది. అందుకని ఆటలో ప్రతి చోటుకూ ఒక వెలుగు కొలత ఇచ్చాను. ఆ చోట అన్నిటికన్నా ప్రకాశమైన నిప్పు ఏదో అదే హద్దు. అక్కడ ఏ అలంకారమూ దాన్ని మించి వెలగకూడదు. మిట్టమధ్యాహ్నం సంతలో రెక్కలు పూర్తిగా మండుతాయి. కోట రాత్రిలో కాగడా అంత. నీడ గుడిలో బూడిద కప్పిన నిప్పుకణిక అంత. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోయేటప్పుడు ఇది మెల్లగా మారాలి, టక్కున మారితే ఎవరో మీట నొక్కినట్టు ఉంటుంది. మెల్లగా మారితే నిప్పే గుడిని చూసి తగ్గినట్టు ఉంటుంది. ఆ మెల్లదనాన్ని సరిగ్గా పట్టుకోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. రెండు సెకన్లు తక్కువైంది. ఐదు సెకన్లకు మనిషి గుడి మధ్యకు వచ్చేస్తున్నాడు. చివరికి కాలంతో ముడిపెట్టడం మానేసి దూరంతో ముడిపెట్టాను: మెట్ల మొదట్లో పూర్తి మంట, గడప దగ్గరికి కణిక. పరుగెత్తినవాడికీ, నడిచినవాడికీ సరిపోయింది.

నీడ గుడిలో కెమెరా సర్దుబాటును కూడా బిగించేశాను. మనుషులను లెక్కలోకి తీసుకోకుండా, గది వెలుతురును బట్టే కెమెరా ఉంటుంది.

వనపర్తి అబ్బాయి మాట మాత్రం పొడుస్తూనే ఉంది. పక్కోడు చూడాలి. ఆ కోరికకు ఒక చోటు ఇవ్వాలి. మన జాతరలు గుర్తొచ్చాయి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి రాత్రంతా జనం పోతారు. రంగు లైట్లు, జెయింట్ వీల్, డప్పులు, మైకులు. అక్కడ ఎవరూ వెలుగు ఎక్కువైందని అనరు. చోటే దానికోసం ఉంది. ఆటలో ఊరి బయట జాతర మైదానం కట్టాం. అక్కడ హద్దు లేదు. రెక్కలు ఎంతైనా మండొచ్చు, గుర్రం రవ్వలు రాల్చొచ్చు, పోటీలు పెట్టుకోవచ్చు. పెద్దాయన దీనికి ముందు ఒప్పుకోలేదు, ఉన్న అలంకారాలకు కొత్త మైదానం ఖర్చెందుకని. నేను ఒక్కటే చెప్పాను: తగ్గించమని మాత్రమే అడిగితే అది శిక్ష అవుతుంది, చోటు చూపించి తగ్గించమంటే అది మర్యాద అవుతుంది. ఒప్పుకున్నారు.

కొత్త అలంకారాల దారి మార్చాం. ఇక్కడ నాకు చాలా సంతోషం కలిగింది. గద్వాల అంచు జరీ, నారాయణపేట గళ్లు, పోచంపల్లి ఇక్కత్ నమూనాగా బట్టలు చేశాం. జరీకి ప్రత్యేకంగా షేడర్ రాశాను. దారం పోయే దిక్కును బట్టి మెరుపు ఒక వైపే సాగుతుంది, కాబట్టి కాగడా పక్కన నడుస్తుంటే అంచు వెంట వెలుగు పాకుతుంది. ఇక్కత్ మాత్రం ఏడిపించింది. పోచంపల్లి అందమే దారానికి ముందే రంగు వేయడం వల్ల అంచులు చెదిరినట్టు ఉండటంలో ఉంది. ఆ సన్నని చెదురు ఫోన్ తెరమీద దూరం నుంచి గజిబిజిగా మినుకుమంది. మేము వద్దనుకున్న మెరుపే వేరే దారిలో వచ్చింది. నమూనాను పెద్దది చేసి, దూరానికి వేరే మెత్తని బొమ్మ పెట్టాల్సి వచ్చింది.

‘డోటా 2’ ఆట వాళ్లు బయటి కళాకారుల కోసం రాసిన మార్గదర్శకంలో ఒక మంచి మాట ఉంది: పాత్ర కాళ్ల వైపు ముదురుగా, పైకి పోయేకొద్దీ లేతగా ఉండాలి, చూపు ముఖం వైపు పోవాలి. మా బయటి టీమ్‌కు అదీ ఇచ్చాం, దానితో పాటు మా సొంత షరతు ఒకటి: బూడిదరంగు గదిలో చేసిన బొమ్మ తీసుకోం. సంత పగలు, కోట రాత్రి, నీడ గుడి — ఈ మూడు చోట్లా నిలబెట్టి తీసిన బొమ్మలు పంపాలి. దుకాణంలో కూడా కొనేముందు ఆ మూడు చోట్లా చూసుకోవచ్చు.

పాత కొనుగోలుదార్ల విషయంలో స్టూడియోతో గట్టిగా వాదించాను. అమ్మిన తర్వాత మార్చాం. తప్పు కొన్నవాళ్లది కాదు. మారిన రెక్కలు ఉంచుకోవచ్చు, లేదంటే కొన్నప్పుడు ఇచ్చిన ఆట నాణేలు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు అని పెట్టాం. ఎందుకు మార్చామో పంతులుగారి అనుమతితో ఆ వీడియో చూపించి మరీ చెప్పాం. ‘గేమ్ అనుభవం మెరుగుపరచడానికి’ అనే డొల్ల మాట రాయనివ్వలేదు. కొందరు వెనక్కి ఇచ్చేశారు. ఒకరిద్దరు ఆట వదిలేశారు, ఆ సంగతి దాచను. చాలామంది ఉంచుకున్నారు.

ఏం తెలిసింది

అసూయ అనే మాట ఈ కేసులో మాకు చాలా సమయం తినేసింది. ఫిర్యాదు చేసేవాడి మనసులో ఏముందో ఊహించడం మొదలుపెడితే ఫిర్యాదులో ఏముందో చూడం. ఇప్పుడు నేను ఏ ఫిర్యాదుకైనా ముందు ‘ఎక్కడ నిలబడ్డారు, ఏ పొద్దులో, పక్కన ఎవరున్నారు’ అని అడిగించుకుంటాను. పాలమూరు అమ్మాయి ఆ మూడు ప్రశ్నలను ఫిర్యాదు ఫారంలోనే పెట్టింది.

మీట చెడ్డదని అనను. యుద్ధపు గోలలో, చవక ఫోన్‌లో, మెరుపులు చూస్తే తలనొప్పి వచ్చేవాళ్లకు అది ఉండాలి, ఇప్పటికీ ఉంచాం. కానీ తయారుచేసినవాడు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఆటగాడి నెత్తిన పెట్టడానికి మీటను వాడకూడదు. నేను అదే చేశాను.

వనపర్తి అబ్బాయి రెక్కలు ఉంచుకున్నాడు. మార్పు వచ్చిన వారం తర్వాత రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, నీడ గుడికి పోయిన. గీ నీడ నేను ఇన్ని దినాలు సూడనే లేదు.’ అప్పుడు నాకు తట్టింది. రెక్కలు కొన్నప్పటి నుంచి అతను ఏ చీకటి గదిలోకి వెళ్లినా తన వెలుగును వెంట తీసుకుపోయాడు. ఫిర్యాదు చేసినవాళ్లు నీడను పోగొట్టుకున్నారు, అతను అసలు చూడనే లేదు.

ఇంకా మిగిలింది

కోట ముట్టడి ఇంకా బాగుపడలేదు. గెలిచిన గిల్డ్‌కు, అంటే ఆటగాళ్ల జట్టుకు, ఇచ్చే జెండా వెలుగుతుంది, బురుజు కాగడాను మింగేస్తుంది. అది కొన్నది కాదు, కష్టపడి గెలిచింది. దాన్ని తగ్గిస్తే వాళ్లు ఊరుకోరు, ఊరుకోకపోవడం న్యాయమే. జెండాను జరీతో చేసి, కాగడాను దానికి దగ్గరగా జరిపి చూస్తున్నాను. మరీ పాత ఫోన్లలో ఆ జరీ మెరుపు పనిచేయడం లేదు, పసుపు గీతలా కనపడుతోంది. పంతులుగారి జట్టులో అట్లాంటి ఫోన్ ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. వచ్చే శనివారం రాత్రి వాళ్లతో కలిసి బురుజు మీదికి పోతున్నాను.